స్కార్లాటీ కీబోర్డ్ సొనాటాలు

బరోక్ యుగపు చివరి అంచున డొమెనికో స్కార్లాటీ (1685–1757) రాసిన, చాలావరకు ఏకభాగమైన రచనలను స్కార్లాటీ కీబోర్డ్ సొనాటాలు అంటారు. అమెరికన్ హార్ప్‌సికార్డ్ విద్వాంసుడు రాల్ఫ్ కిర్క్‌ప్యాట్రిక్ 1953లో వేసిన లెక్క ప్రకారం ఇవి 555. ఎక్కువ భాగం హార్ప్‌సికార్డ్ కోసం రాసినవే. కొన్ని ఆర్గన్‌కు ఉద్దేశించినవి. మరికొన్నింటిలో ఎడమచేతి వరుస కింద అంకెలు వేసి ఉండటాన్ని బట్టి అవి వయొలిన్ వంటి వాద్యానికి తోడుగా వాయించేవి అనుకోవచ్చు. సొనాటా అనగానే మోట్సార్ట్, బేథోవెన్‌ల మూడు నాలుగు భాగాల పెద్ద రచనలు గుర్తొస్తాయి. ఇవి ఆ కోవకు చెందవు. దాదాపు ప్రతిదీ ఒకే భాగం, దాన్ని మధ్యకు విరిచి రెండు సగాలు చేశారు. చాలావాటిని వాయించడానికి మూడు నుంచి ఆరు నిమిషాలు చాలు. ఇంత చిన్న చట్రంలో, దాదాపు ఒకే పథకంతో, 500కు పైగా రచనలు చేసి ఒకదాన్ని మరొకదానిలా వినిపించనీయకపోవడం పాశ్చాత్య సంగీతంలో మరెవరికీ సాధ్యపడలేదు.

జీవితం

స్కార్లాటీ 1685 అక్టోబర్ 26న నేపుల్స్‌లో పుట్టాడు. బాహ్, హాండెల్ పుట్టిందీ ఆ ఏడాదే. తండ్రి అలెస్సాండ్రో స్కార్లాటీ ఆనాటి ఇటలీలో పేరు మోసిన ఒపెరా రచయిత. పదహారో ఏటికే డొమెనికో నేపుల్స్ రాజప్రార్థనాలయంలో ఆర్గన్ వాద్యకారుడయ్యాడు. తర్వాత వెనిస్, రోమ్. రోమ్‌లో ప్రవాసంలో ఉన్న పోలండ్ రాణి మరియా కసిమీరా కొలువులో ఒపెరాలు రాశాడు. ఆపైన వాటికన్‌లోని కప్పెల్లా జూలియాకు సంగీత నిర్దేశకుడయ్యాడు. హాండెల్‌తో రోమ్‌లో పోటీ జరిగిందనీ, ఆర్గన్‌లో హాండెల్‌దే పైచేయి అనీ, హార్ప్‌సికార్డ్‌లో మాత్రం తీర్పు చెప్పడం కష్టమైందనీ హాండెల్ తొలి జీవితచరిత్రలో ఉంది.

ఈ కాలమంతా అతను రాసినవి ఎక్కువగా తండ్రి బాటలోని ఒపెరాలు, ప్రార్థనాలయ గీతాలు. 34 ఏళ్ల వయసులో, 1719లో, పోర్చుగల్ రాజు ఐదవ జువావ్ కొలువుకు లిస్బన్ వెళ్లడంతో కథ మారింది. అక్కడ అతని శిష్యురాలు రాజకుమార్తె మరియా బార్బరా. రాజుగారి తమ్ముడు దోమ్ ఆంటోనియో కూడా శిష్యుడే. 1729లో మరియా బార్బరాకు స్పెయిన్ యువరాజు ఫెర్నాండోతో పెళ్లయింది. గురువు కూడా ఆమె వెంట స్పెయిన్ చేరాడు. నాలుగేళ్లు సెవిల్‌లో, 1733 నుంచి మాడ్రిడ్‌లో. 1746లో ఆమె రాణి అయింది. 1757 జులై 23న స్కార్లాటీ మాడ్రిడ్‌లోనే కన్నుమూశాడు. మరుసటి ఏడాది రాణి కూడా పోయింది.

ఇప్పుడు మనం వింటున్న సంగీతంలో అధికభాగం ఈ ఒక్క శిష్యురాలి కోసం పుట్టింది. కచేరీ శ్రోతల కోసమో, అచ్చువేసి అమ్మే వ్యాపారుల కోసమో రాసింది కాదు. ఆమె వేళ్లకు ఎంత సత్తా ఉండేదో ఈ సొనాటాలే చెబుతాయి. ఆమెను సంగీత సరదా ఉన్న రాణిగా మాత్రమే చూసే రచనలు ఆమెకు అన్యాయం చేస్తున్నాయి.

స్కార్లాటీ బతికుండగా తన పర్యవేక్షణలో అచ్చయిన పుస్తకం ఒక్కటే. 1738–39లో లండన్‌లో వెలువడిన ‘ఎస్సెర్చిజి’ అనే 30 సొనాటాల సంపుటి అది. తనను నైట్‌గా చేసిన ఐదవ జువావ్‌కు దాన్ని అంకితమిచ్చాడు. ముందుమాటలో గంభీర పాండిత్యాన్ని ఆశించవద్దనీ, కళతో తెలివిగా ఆడిన ఆటగా చూడమనీ పాఠకుణ్ణి కోరాడు.

వాద్యం

ఈ రచనలు అర్థం కావాలంటే ముందు హార్ప్‌సికార్డ్ తెలియాలి. చూడటానికి చిన్న గ్రాండ్ పియానోలా ఉంటుంది, కానీ శబ్దం పుట్టే తీరు వేరు. పియానోలో మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. హార్ప్‌సికార్డ్‌లో మెట్టు అవతలి కొసన నిలబెట్టిన సన్నని చెక్కపుల్ల పైకి లేస్తుంది, దానికి అమర్చిన పక్షి ఈక ముక్క తీగను మీటుతుంది. మెట్టు వదిలితే పుల్ల కిందికి జారుతుంది, దానికున్న చిన్న గుడ్డముక్క తీగకు తగిలి నాదాన్ని ఆపేస్తుంది. అంటే శబ్దం పుట్టే పద్ధతిలో ఇది పియానో కన్నా వీణకు దగ్గరి చుట్టం. అయితే వీణలో మీటిన తీగను లాగి గమకం పలికించే వీలుంది, హార్ప్‌సికార్డ్‌లో స్వరం పలికాక వాద్యకారుడి చేతిలో ఏమీ ఉండదు. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కటే.

కాబట్టి రచయిత కోరుకున్న బలం ప్రధానంగా స్వరాల సంఖ్యలోంచే రావాలి. స్కార్లాటీ ఈ కిటుకును అందరికన్నా బాగా పట్టాడు. ఒకేసారి మోగించే స్వరాల గుంపును కార్డ్ అంటారు. చప్పుడు పెరగాలంటే కార్డ్‌లోకి మరిన్ని స్వరాలు దింపుతాడు, తగ్గాలంటే ఒక్క వరుసను ఒంటరిగా వదిలేస్తాడు. ఎ మైనర్‌లోని కె. 175లో (కె. అంటే కిర్క్‌ప్యాట్రిక్ వేసిన సంఖ్య) ఎడమచేతి కార్డ్‌లలో పక్కపక్కనే ఉండే స్వరాలను ఒకేసారి నొక్కమంటాడు. వాటిలో కొన్ని ఆ కార్డ్‌కు చెందనే చెందవు. చెవికి అవి విడివిడి స్వరాలుగా అందవు, ఓ తాడనంలా తగులుతాయి. గిటార్ తీగలన్నింటినీ వేళ్లతో ఒక్కసారి ఝళిపించినప్పుడు వచ్చే కరుకుదనం అది. స్పెయిన్ వీధుల్లో అతను విన్న గిటార్, చేతి చప్పట్లు, నాట్యపు అడుగులు ఈ కార్డ్‌లలో ఉన్నాయని చాలామంది అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇటలీ వదలకపోతే ఈ కరుకుదనం అతనికి అబ్బేది కాదు.

20వ శతాబ్దం తొలినాళ్లలో ఈ సొనాటాలను తొలిసారి దాదాపు సమగ్రంగా ప్రచురించిన అలెస్సాండ్రో లాంగోకు ఈ కార్డ్‌లు తప్పుల్లా కనిపించాయి. చాలాచోట్ల ‘అపస్వరాలు’ తీసేసి సరిదిద్దాడు. ఆయన లేకపోతే ఈ సంగీతం పియానో వాద్యకారుల చేతికి అంత తొందరగా అందేది కాదు. ఆ మేలును ఒప్పుకుంటూనే, ఆయన సరిదిద్దిన పాఠాన్ని పక్కనపెట్టి రాతప్రతుల పాఠాన్నే వాయించాలని చెప్పక తప్పదు. పదును తీసేసిన స్కార్లాటీలో మర్యాద మిగులుతుంది, రక్తం మిగలదు.

రాణి మరియా బార్బరా దగ్గర హార్ప్‌సికార్డ్‌లతో పాటు ఫ్లారెన్స్‌లో తయారైన తొలితరం పియానోలు కూడా ఉండేవి. అందువల్ల ఈ సొనాటాల్లో కొన్ని ఆ పియానోల మీద కూడా మోగి ఉండవచ్చు. ‘పియానో మీద వాయిస్తే అపచారం’ అనే వాదానికి చరిత్రలో గట్టి ఆధారం లేదు.

నిర్మాణం

దాదాపు ప్రతి సొనాటా రెండు సగాలు. మొదటి సగం చివర పునరావృత్తి గుర్తు ఉంటుంది, రెండో సగం చివర కూడా. అంటే మొదటి సగం రెండుసార్లు, రెండో సగం రెండుసార్లు. ఇంతవరకు ఆనాటి నాట్యసంగీతం చాలావరకు ఇదే పద్ధతిలో ఉండేది.

కర్ణాటక సంగీతం అలవాటైన చెవికి ఇక్కడ ఒక విషయం వివరించాలి. మన కచేరీలో తంబురా పట్టిన ఆధారషడ్జమం మొదటి నుంచి చివరిదాకా కదలదు. ఇక్కడ ఆ ఆధారషడ్జమమే స్థానం మారుతుంది. మేజర్ స్కేల్‌లోని సొనాటా షడ్జమంలో మొదలై, కాసేపటికి పంచమాన్నే కొత్త షడ్జమంగా చేసుకుని, మొదటి సగాన్ని అక్కడ ముగిస్తుంది. మైనర్ స్కేల్‌లోనివి పంచమానికి వెళ్లవచ్చు, లేదా తమకు జతగా ఉండే మేజర్ స్కేల్‌కు వెళ్లవచ్చు. రెండో సగం అక్కడి నుంచి బయలుదేరి, దూరదూరపు స్థానాలు తిరిగి, చివరికి అసలు షడ్జమానికి చేరుతుంది. తొలిసారి వినేటప్పుడు ఈ స్థానాల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. ఇల్లు వదిలామా, ఇంకా దారిలోనే ఉన్నామా, తిరిగొచ్చామా అన్నది చెవికి తెలిసిపోతుంది.

స్కార్లాటీ ప్రత్యేకత ఈ పథకాన్ని వాడిన తీరులో ఉంది. తర్వాతి తరం సొనాటాల్లో తొలి స్వరవాక్యమే ముఖ్యం, రెండో సగంలో అది తిరిగి రావడమే పెద్ద ఘట్టం. స్కార్లాటీ సొనాటాల్లో చాలావరకు మొదటి స్వరవాక్యం తలుపు తీసేదాకానే, తర్వాత మళ్లీ కనిపించకపోవచ్చు. రెండు సగాలను కలిపి కట్టేది వాటి చివరి భాగాలు. మొదటి సగంలో ఒకచోట కొత్త షడ్జమం స్థిరపడుతుంది, అక్కడి నుంచి సగం చివరిదాకా వచ్చే సంగీతమే రెండో సగం చివర, ఈసారి అసలు షడ్జమంలో, దాదాపు అచ్చంగా తిరిగివస్తుంది. ఆ స్థిరపడే చోటును కిర్క్‌ప్యాట్రిక్ ‘క్రక్స్’ అన్నాడు. స్కార్లాటీని వినడం నేర్చుకోవడమంటే దాదాపుగా ఈ చోటును పట్టుకోవడం నేర్చుకోవడమే.

దానికి ముందూ వెనకా ఏదైనా జరగవచ్చు. ఒక చిన్న పదాన్ని మూడుసార్లు, నాలుగుసార్లు మొండిగా తిప్పుతాడు. ఉన్నట్టుండి ఆగి నిశ్శబ్దాన్ని పెడతాడు. ఆ నిశ్శబ్దం తర్వాత ఏ మాత్రం సంబంధం లేని స్కేల్‌లో మొదలుపెడతాడు. రెండో సగం మొదట్లో ఈ స్వేచ్ఛ మరీ ఎక్కువ. ఏ దారిన పోతున్నామో తెలియని ఆ కొద్ది క్షణాల తర్వాత, మొదటి సగంలో రెండుసార్లు విన్న ముగింపు పలుకులు తమ ఇంట్లో తాము మోగుతుంటే కలిగే ఊరట, ఆ పలుకులను గుర్తుపెట్టుకున్న శ్రోతకే దక్కుతుంది. అందుకే పునరావృత్తులను ఎగ్గొట్టే వాద్యకారులతో నాకు పేచీ. మొదటిసారి వాయించినప్పుడు శ్రోత ఆశ్చర్యపోతాడు, రెండోసారి గుర్తుపెట్టుకుంటాడు. ఆ రెండోసారి లేకపోతే రచయిత కట్టిన లెక్కే తప్పుతుంది.

కొన్ని సొనాటాలు

రాతప్రతుల్లో సొనాటాలు చాలావరకు ఒకే షడ్జమం గల జంటలుగా పక్కపక్కన ఉన్నాయి. ఎ మేజర్‌లోని కె. 208, కె. 209 అలాంటి జంట. కొత్త శ్రోతకు ఇంతకన్నా మంచి ప్రవేశం లేదు. కె. 208 నెమ్మదైనది. ఎడమచేయి నాలుగు లెక్కల తాళంలో ఒక్కో లెక్కకు ఒక్కో అడుగు వేస్తూ తొణక్కుండా నడుస్తుంది. కుడిచేతి పాట మాత్రం ఆ అడుగుల మీద పడదు. లెక్క పడిన తర్వాత కాస్త ఆగి అందుకుంటుంది, తర్వాతి లెక్క వచ్చేదాకా సాగదీస్తుంది. ఎడమచేతిని మాత్రమే వింటే పాఠంలా ఉంటుంది. కుడిచేతిని మాత్రమే వింటే తాళం దొరకదు. రెండూ కలిసినప్పుడు గొంతు విప్పి పాడుతున్న మనిషి వినిపిస్తాడు. నాదం నిలబడని వాద్యం మీద, వేగం లేకుండా, స్వరాలు తక్కువ పెట్టి పాట పాడించడం కార్డ్‌ల మోత కన్నా కష్టమైన పని. వెంటనే కె. 209 మూడు లెక్కల నాట్యగతిలో చురుగ్గా వస్తుంది. రెంటినీ విడదీయకుండా వినాలి.

డి మైనర్‌లోని కె. 141 అందరూ ఎరిగినది. కుడిచేయి ఒకే స్వరాన్ని మిషను కుట్టినంత వేగంగా మళ్లీ మళ్లీ కొడుతుంది. ఒకే వేలితో అది సాధ్యం కాదు, ఒకే మెట్టు మీద మూడు వేళ్లు వంతులవారీగా దిగాలి. ఎడమచేతిలో పగిలిన గాజులాంటి కార్డ్‌లు. పియానో విద్వాంసురాలు మార్తా అర్గెరిక్ కచేరీ చివర శ్రోతల కోరిక మీద దీన్ని వాయించడం ప్రసిద్ధం. దీన్ని వేళ్ల విన్యాసంగానే వినేవారు ఎడమచేతిని గమనించాలి, కోపమంతా అక్కడుంది.

బి మైనర్‌లోని కె. 27లో ఒక చేయి ఆడుతుండగా రెండో చేయి దాని మీదుగా దాటి అవతలి స్వరం అందుకుని మళ్లీ వెనక్కి వస్తుంది. వినడంతో పాటు చూడాల్సిన సొనాటా ఇది. బి మైనర్‌లోనే ఉన్న కె. 87 దీనికి పూర్తిగా భిన్నం. నాలుగు గొంతులు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ సాగుతాయి, విన్యాసం లేదు, నాట్యం లేదు. స్కార్లాటీని చమత్కారి అని తేల్చేసేవారికి ఇది ఒక్కటే సమాధానం.

ఇ మేజర్‌లోని కె. 380లో దూరంగా బాకాలు, డోళ్లు మోగుతున్నట్టు ఒకే లయ పదేపదే వస్తుంది. దీనికి ‘ఊరేగింపు’ అనే పేరు కూడా కట్టారు. డి మేజర్‌లోని కె. 96లో వేటగాళ్ల కొమ్ముబూరలు. ఎస్సెర్చిజి సంపుటి చివరిదైన కె. 30 మాత్రం ఫ్యూగ్, అంటే ఒకే స్వరవాక్యాన్ని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన. దాని మొదటి స్వరాలు ఒక క్రమం లేకుండా వింత అంతరాలతో పైకెక్కుతాయి. స్కార్లాటీ పిల్లి కీబోర్డ్ మెట్ల మీద నడిస్తే ఆ స్వరాలు పుట్టాయని కథ. ‘పిల్లి ఫ్యూగ్’ అనే పేరు స్కార్లాటీ పెట్టలేదు, 19వ శతాబ్దంలో స్థిరపడింది.

రాతప్రతులు, సంఖ్యలు

స్కార్లాటీ స్వహస్తంతో రాసిన కీబోర్డ్ సొనాటా ఒక్కటీ దొరకలేదు. మనకున్నవి నకళ్లు. రాణి కోసం 1742, 1749, ఆ తర్వాత 1752 నుంచి 1757 వరకు సిద్ధం చేసిన 15 సంపుటాలు ముఖ్యమైనవి. రాణి వాటిని గాయకుడు ఫారినెల్లికి వీలునామాలో రాసిచ్చింది. ఆమె మరణం తర్వాత అతను స్పెయిన్ విడిచి ఇటలీ వెళ్లినప్పుడు అవి కూడా వెళ్లాయి. ఇప్పుడు వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో ఉన్నాయి. వీటికి సాటివచ్చే మరో 15 సంపుటాలు పార్మాలో ఉన్నాయి. ప్రతిలో పెట్టిన సంవత్సరం రచనా సంవత్సరం కానక్కర్లేదు. అందువల్ల ఏ సొనాటా ఏ వయసులో రాసినదో చాలావాటి విషయంలో తేలదు.

రికార్డులు కొనేటప్పుడు, వెతికేటప్పుడు సంఖ్యలతో తికమక పడతారు. ‘ఎల్’ అంటే లాంగో సంఖ్య, ‘పి’ అంటే సంగీత పరిశోధకుడు జోర్జో పెస్తెల్లి సంఖ్య, ‘కె’ లేదా ‘కెకె’ అంటే కిర్క్‌ప్యాట్రిక్ సంఖ్య. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది చివరిదే. కిర్క్‌ప్యాట్రిక్ పరిశోధన కోసం మాడ్రిడ్ వెళ్లి టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తే స్కార్లాటీ వంశస్థులు దొరికారు. వాళ్ల దగ్గరి కుటుంబ పత్రాలు ఆయన పుస్తకానికి పనికొచ్చాయి.

ప్రభావం, రికార్డులు

ఇంగ్లండ్‌లో ఈ సంగీతానికి మొదటి నుంచీ అభిమానులున్నారు. థామస్ రోజింగ్రేవ్ 1739లోనే 42 సొనాటాలు అచ్చువేశాడు. చార్లెస్ ఎవిసన్ 1744లో వీటి ఆధారంగా తంత్రీవాద్య బృందం కోసం 12 కన్‌చెర్టోలు కూర్చాడు. స్పెయిన్‌లో ఫాదర్ ఆంటోనియో సోలెర్ ఇదే బాటలో తన సొనాటాలు రాశాడు. బ్రామ్స్ వీటి రాతప్రతులు సేకరించి దాచుకున్నాడు, తన పాట ఒకదాంట్లో స్కార్లాటీ స్వరవాక్యాన్ని పేరు చెప్పి మరీ వాడుకున్నాడు.

20వ శతాబ్దంలో హార్ప్‌సికార్డ్‌ను మళ్లీ కచేరీ వేదిక ఎక్కించిన వాండా లాండోవ్‌స్కా రికార్డులు ఇప్పటికీ వినదగ్గవి. 1940లో పారిస్‌లో చేసిన ఒక రికార్డులో విమాన విధ్వంసక ఫిరంగుల మోత వినిపిస్తుంది, ఆమె వాయించడం ఆపలేదు. పియానో మీద వ్లాదిమిర్ హోరోవిట్జ్ 1960లలో చేసిన రికార్డులు ఎందరినో ఈ సంగీతం వైపు తిప్పాయి. స్కార్లాటీ త్రిశత జయంతి సందర్భంగా హార్ప్‌సికార్డ్ వాద్యకారుడు స్కాట్ రాస్ 1984–85లో మొత్తం 555 సొనాటాలనూ రికార్డు చేశాడు, అవి 34 సీడీలు నిండాయి. గిటార్ వాద్యకారులు కూడా చాలా సొనాటాలను తమ వాద్యానికి మార్చుకున్నారు. ఎ మేజర్‌లోని నెమ్మదైన సొనాటాలు గిటార్‌కు బాగా నప్పుతాయి.

హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో లండన్ బోర్డుల గ్రేడ్ పరీక్షలకు పియానో నేర్చుకునే పిల్లలకు పై గ్రేడ్లలో స్కార్లాటీ ఎదురవుతుంటాడు. పరీక్షకు ఒక్క సొనాటా నేర్చి అక్కడితో ఆపేయడం పరిపాటి. అలా చేయవద్దు. నేర్చుకున్నదానికి జంట ఏదో కిర్క్‌ప్యాట్రిక్ సంఖ్య చూసి వెతకండి, ఆ రెంటినీ ముందు హార్ప్‌సికార్డ్ మీద, తర్వాత పియానో మీద వినండి. పునరావృత్తులు వదలకుండా వాయించిన రికార్డునే ఎంచుకోండి.